గోదావరి డెల్టాలో రక్షిత ప్రాంతాలు ఎంత పెద్దవి, ఎన్ని ముక్కలు: తరచుగా అడిగే ప్రశ్నలు

జనవరిలో నీటి పక్షుల లెక్కింపు మొదలైనప్పుడు, సెలవుల్లో పిల్లలతో కోరంగి వెళ్లివచ్చినప్పుడు, కొల్లేరు మళ్లీ పత్రికల్లోకి ఎక్కినప్పుడు ఇవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. విడివిడిగా ఎందరికి చెప్పినా తరగడం లేదు కాబట్టి ఒకచోట పెట్టాం. ప్రశ్నలను అడిగినవాళ్ల మాటల్లోనే ఉంచాం. ఏ జవాబుకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## అంకెల దగ్గర

దేశం మొత్తం మీద రక్షిత ప్రాంతాలు ఎంత ఉన్నాయి? అది ఎక్కువా, తక్కువా?

జాతీయ పార్కులు, అభయారణ్యాలు, సంరక్షణ రిజర్వులు, సామాజిక రిజర్వులు అన్నీ కలిపి వెయ్యికి పైగా ఉన్నాయి. మొత్తం విస్తీర్ణం సుమారు 1.75 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే దేశ భూభాగంలో 5 శాతానికి కాస్త ఎక్కువ. భాగిస్తే ఒక్కొక్కదానికి సగటున 170 చదరపు కిలోమీటర్ల పైచిలుకు వస్తుంది. ఈ సగటును నమ్మకండి. గుజరాత్‌లోని కచ్ ఎడారి అభయారణ్యం ఒక్కటే 7,506 చదరపు కిలోమీటర్లు. అండమాన్‌లోని సౌత్ బటన్ దీవి జాతీయ పార్కు 0.03 చదరపు కిలోమీటరు, అంటే ఏడెనిమిది ఎకరాలు. కచ్ లాంటి కొన్ని మహాకాయాలు సగటును పైకి లాగుతాయి. మిగిలినవాటిలో చాలావరకు చిన్నవి, ఒకదానికొకటి దూరంగా ఉన్నవి. ఎక్కువా తక్కువా అన్నదానికి శాతం ఒక్కటే జవాబు చెప్పదు. అయిదు శాతం ఒక్కచోట ఉండటం వేరు, వెయ్యి చోట్ల చిందరవందరగా ఉండటం వేరు.

గోదావరి డెల్టాలో అసలు రక్షిత ప్రాంతం ఏది? ఎంత?

డెల్టాలో నికరంగా చెప్పుకోదగింది కోరంగి అభయారణ్యం ఒక్కటే. 1978 జూలైలో ప్రకటించారు. విస్తీర్ణం 235.70 చదరపు కిలోమీటర్లు, మన లెక్కలో 58 వేల ఎకరాల పైమాట. కోరంగి, కోరంగి విస్తరణ, భైరవపాలెం అనే మూడు రిజర్వు అడవులు అందులో ఉన్నాయి. గౌతమి పాయ నుంచి చీలిన కోరంగి, గాడేరు ఏళ్లు దాని గుండా సాగి కాకినాడ అఖాతంలో కలుస్తాయి.

పడమటి అంచున, గోదావరి, కృష్ణా డెల్టాల నడుమ పల్లంలో కొల్లేరు ఉంది. 1999లో అభయారణ్యమైంది, 308 చదరపు కిలోమీటర్లు. డెల్టాకు ఎగువన, నది కొండలను చీల్చుకుని వచ్చేచోట పాపికొండల జాతీయ పార్కు ఉంది. 2008లో జాతీయ పార్కు హోదా వచ్చింది, 1,012 చదరపు కిలోమీటర్లు. ఈ మూడింటి మధ్య వరి చేలు, కొబ్బరి తోటలు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు, ఊళ్లు. సెంటు భూమికి కూడా ధర పలికే నేల ఇది. ఇక్కడ అడవి మిగిలిందంటే సాగుకు పనికిరాని ఉప్పునేల కావడం వల్లనే.

235 చదరపు కిలోమీటర్లూ మడ అడవేనా?

కాదు. అందులో ఏళ్లు, చిన్న పాయలు, పాటు సమయంలో బయటపడే బురద మేటలు, ఇసుక తిప్పలు కూడా ఉన్నాయి. పటంలో పచ్చగా కనిపించేది అందులో ఒక భాగం మాత్రమే. అంతమాత్రాన మిగతాది వృథా అనుకోకూడదు. వేల మైళ్లు ఎగిరి వచ్చే ఉల్లంకి జాతి పక్షులు మేసేది ఆ ఖాళీ బురదలోనే. చెట్టు లేని నేలను బీడు అని రాసే అలవాటు రెవెన్యూ దస్తావేజుల్లో ఉంది కానీ, పక్షులకు లేదు.

దేశంలో రెండో అతి పెద్ద మడ అడవి మనదే అని బోర్డుల మీద చదివాం. నిజమేనా?

రాష్ట్రాలవారీగా చూస్తే కాదు. 2021 అటవీ నివేదిక ప్రకారం పశ్చిమ బెంగాల్‌లో 2,114, గుజరాత్‌లో 1,175, అండమాన్ నికోబార్‌లో 616, ఆంధ్రప్రదేశ్‌లో 405 చదరపు కిలోమీటర్ల మడ అడవులు ఉన్నాయి. అంటే మనది నాలుగో స్థానం. ఆ 405లో కృష్ణా డెల్టా వాటా కూడా కలిసే ఉంది. రెండో స్థానం అన్న మాటను పర్యాటక ప్రచారంగా తీసుకుంటే సరిపోతుంది. స్థానం ఏదైనా, ఇంత జనసాంద్రత ఉన్న తీరంలో ఇంత మడ మిగలడం చిన్న విషయం కాదు.

రిజర్వు అడవి, అభయారణ్యం, జాతీయ పార్కు అన్నీ ఒకటి కావా?

కావు. రిజర్వు అడవి అటవీ చట్టం కింద ఏర్పడుతుంది. దాని దృష్టి భూమి మీద, కలప మీద. మిగతా రెండూ 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వస్తాయి. అభయారణ్యంలో స్థానికుల హక్కులను విచారించి కొన్నింటిని కొనసాగనివ్వవచ్చు. జాతీయ పార్కులో ఆ వెసులుబాటు దాదాపు ఉండదు, పశువుల మేతకూ అనుమతి లేదు. 2002లో చట్టాన్ని సవరించి సంరక్షణ రిజర్వు, సామాజిక రిజర్వు అనే మరో రెండు రకాలను చేర్చారు. మొదటిది ప్రభుత్వ భూమిలో, ముఖ్యంగా ఒక రక్షిత ప్రాంతాన్ని ఇంకొకదానితో కలిపే చోట. రెండోది ప్రైవేటు లేదా ఉమ్మడి భూమిలో, సొంతదారులు ముందుకొస్తేనే. ముక్కలను కలపడానికి చట్టంలో ఉన్న సాధనాలు ఈ రెండే. మన డెల్టాలో వాటి ఊసు మాత్రం అరుదుగా వినిపిస్తుంది.

## ముక్కల దగ్గర

అడవి అడవిలాగే ఉంది, మధ్యలో ఒక రోడ్డో గట్టో పడింది. దానికి ముక్కలైందని గగ్గోలు ఎందుకు?

రోడ్డు మింగిన నేల కొంచెమే, నిజమే. దాని ప్రభావం మాత్రం రెండు పక్కలా లోపలికి పాకుతుంది. వెలుతురు, శబ్దం, కుక్కలు, కలుపు మొక్కలు, నిప్పు అన్నీ అంచు నుంచే వస్తాయి. పెద్ద ముక్కకు అంచు తక్కువ, నడిబొడ్డు ఎక్కువ. అదే విస్తీర్ణాన్ని పది ముక్కలు చేస్తే అంచే మిగులుతుంది. ఇక జంతువుల సంగతి. నేపాల్‌లోని చిత్వన్‌లో రేడియో పట్టీలు కట్టి చూసినప్పుడు, ఆడ నీటిపిల్లి 4 నుంచి 6 చదరపు కిలోమీటర్లలో, మగది 16 నుంచి 22 చదరపు కిలోమీటర్లలో తిరిగింది. కోరంగిలో ఉన్న అరుదైన జంతువు ఈ నీటిపిల్లే, దీన్నే బావురుపిల్లి అంటారు. ముక్క దాని అవసరం కంటే చిన్నదైతే అది గట్టు దాటుతుంది. గట్టు దాటితే చేపల చెరువు, చెరువు దగ్గర కాపలా, ఆ తర్వాత రోడ్డు.

ఒక పెద్ద అభయారణ్యం మేలా, పది చిన్నవి మేలా?

ఈ తగాదా మనకు కొత్త కావచ్చు కానీ, శాస్త్రవేత్తలకు యాభై ఏళ్ల నాటిది. 1967లో రాబర్ట్ మెక్‌ఆర్థర్, ఎడ్వర్డ్ విల్సన్ దీవుల మీది జీవజాతుల సంఖ్యకు ఒక సిద్ధాంతం చెప్పారు: దీవి పెద్దదైతే జాతులు ఎక్కువ, ప్రధాన భూమికి దూరమైతే తక్కువ. స్థూలంగా విస్తీర్ణం పది రెట్లు పెరిగితే జాతులు రెట్టింపవుతాయని లెక్క. చుట్టూ పొలాలున్న అడవి కూడా దీవి లాంటిదే కదా అని 1975లో జారెడ్ డైమండ్ ఒక పెద్ద రిజర్వు మేలన్నారు. మరుసటి ఏడాదే డేనియల్ సింబర్‌లాఫ్, లారెన్స్ ఎబెల్ ఆ సిద్ధాంతం నుంచే ఎదురు వాదన తీశారు: విడివిడి చోట్ల వేర్వేరు జాతులు ఉంటే, చిన్నవి కలిపి చూసినప్పుడు జాతులు ఎక్కువే ఉండవచ్చని.

ఇద్దరి మాటా నిజమే, అడిగే ప్రశ్న వేరు. ఎన్ని జాతులున్నాయి అని అడిగితే చిన్నవి గెలవవచ్చు. ఆ జాతులు వందేళ్ల తర్వాత ఉంటాయా అని అడిగితే పెద్దది గెలుస్తుంది. డెల్టాలో పెద్దదాన్ని కొత్తగా చేసే చోటు ఎలాగూ లేదు. కాబట్టి ఉన్న పెద్దదాన్ని చీలనివ్వకూడదు, చిన్నవాటి మధ్య నీటి దారి మూయనివ్వకూడదు. మేం ఈ పక్షం.

మన దగ్గర మడ అడవిని ముక్కలు చేస్తున్నది ఏమిటి? గొడ్డళ్లతో నరికేవాళ్లు ఇప్పుడు పెద్దగా కనిపించరే?

గొడ్డలి కాలం చాలావరకు పోయింది. ఇప్పటి శత్రువు మట్టి గట్టు. తెల్లమడ, నల్లమడ, తిల్ల ఏదైనా రోజుకు రెండుసార్లు పోటు నీరు వచ్చి వెళ్తేనే బతుకుతుంది. పొక్లెయిన్ ఒక రాత్రి నిలబడి పాయ నోట గట్టు వేస్తే లోపలికి నీరు రాదు. నిలిచిన నీరు ఎండకు ఆవిరవుతుంది, ఉప్పు పేరుకుంటుంది, చెట్లు నిలువునా ఎండుతాయి. ఒక్క చెట్టునూ ఎవరూ నరకలేదు. రెండేళ్ల తర్వాత ఆ చోటు చచ్చిన మడ అని కాగితాల్లో నమోదవుతుంది. ఆ తర్వాత దాన్ని చెరువు చేయడానికి ఎవరికీ మొహమాటం ఉండదు.

1990లలో రొయ్యల సాగు ఊపందుకున్నప్పుడు ఇదే జరిగింది. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర నియంత్రణ మండలంలో, అంటే సముద్రతీరం వెంబడి ఆంక్షలు ఉన్న పట్టీలో, సంప్రదాయేతర రొయ్యల చెరువులు కుదరవంది. 2005లో తీర ఆక్వా సాధికార సంస్థ చట్టంతో లెక్క మారింది. చెరువులు పోలేదు.

గట్లతో పాటు కాకినాడ నుంచి యానాం వైపు సాగే 216 నంబరు జాతీయ రహదారి ఉంది, ఓడరేవు తవ్వకాలు ఉన్నాయి, గ్యాసు, చమురు గొట్టాల దారులు ఉన్నాయి, నగరం అంచున ఇళ్ల స్థలాలు ఉన్నాయి. కాకినాడ దుమ్ములపేట దగ్గర మడ నేలను ఇళ్ల స్థలాల కోసం చదును చేసిన వివాదం జాతీయ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. ఆ నేల అభయారణ్యం గీతకు బయటిది. గీత లోపల ఏం జరిగినా కంటపడుతుంది, అడిగేవారు ఉంటారు. గీతకు బయట ఉన్న మడ ముక్కే ముందుగా పోతుంది, లోపలి మడకు దాపుగా ఉన్నది కూడా అదే.

ధవళేశ్వరం బ్యారేజీ ఎక్కడ, కోరంగి ఎక్కడ? రెండింటికీ సంబంధం ఉందా?

ఉంది. మడ అడవికి కావలసింది రెండు: సముద్రపు ఉప్పునీటికి విరుగుడుగా నది మంచినీరు, నిలబడడానికి నది మోసుకొచ్చే ఒండ్రు. కాటన్ ఆనకట్ట 1852లో పూర్తయింది, దాని స్థానంలో ఇప్పటి బ్యారేజీ 1980ల తొలినాళ్లకు వచ్చింది. వేసవిలో బ్యారేజీ దిగువకు పోయే నీరు అతి తక్కువ. అయితే ఒండ్రును ప్రధానంగా పట్టేస్తున్నది ధవళేశ్వరం కాదు, ఎగువన నదీ పరీవాహకం అంతటా కట్టిన జలాశయాలు. 2004లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం 1970లలో నది ఏటా సగటున 15 కోట్ల టన్నుల ఒండ్రు తెచ్చేది, 1990లకు అది 6 కోట్ల టన్నుల లోపుకు పడిపోయింది. మట్టి రాకపోతే తీరం వెనక్కి తగ్గుతుంది. అభయారణ్యం గీత కదలదు, నేల కదులుతుంది.

ఆ డెల్టా ఎంత చురుకైనదో తెలియాలంటే హోప్ ఐలాండ్‌ను చూడాలి. కాకినాడకు ఎదురుగా ఉన్న ఆ సుమారు 16 కిలోమీటర్ల ఇసుక నాలుక గత రెండు వందల ఏళ్లలోనే పెరిగింది. దాని మరుగున ఓడరేవు ప్రశాంతంగా ఉంది, అఖాతంలో మడ పెరిగింది. అదే సమయంలో దానికి ఉత్తరాన ఉప్పాడ తీరం కోతకు గురవుతోంది.

పాపికొండలు, కోరంగి, కొల్లేరు మూడింటినీ కలిపి ఒకే రక్షిత ప్రాంతం చేస్తే ముక్కల బాధ ఉండదు కదా?

కాగితం మీద బాగుంటుంది. మధ్యలో ఉన్న లక్షల ఎకరాల వరిని, లక్షల మంది మనుషులను ఎక్కడ పెడతారు? పైగా మూడూ మూడు రకాలు: కొండ అడవి, మడ, మంచినీటి సరస్సు. పాపికొండల చిరుత కోరంగికి వచ్చి చేసేదేమీ లేదు. వాటిని కలిపేది నీరే. నదిలో మంచినీరు ఏడాది పొడవునా కొంతైనా వదిలితే, కొల్లేరు నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు పూడకుండా చూస్తే, గట్ల మీద చెట్లు ఉంచితే, భూమి సేకరించకుండానే చాలా కలిసివస్తుంది. పోలవరం జలాశయం పాపికొండల మధ్యనే వస్తోంది కాబట్టి దిగువకు ఎంత నీరు, ఎప్పుడు అన్న ప్రశ్న ఇకముందు ఇంకా గట్టిగా అడగాల్సి ఉంటుంది.

జిల్లాలు విడిపోతే అభయారణ్యం కూడా ముక్కలైనట్లేనా?

అడవి కాదు, పాలన ముక్కలవుతుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మారాక తాళ్లరేవు వైపు కాకినాడ జిల్లాలో, భైరవపాలెం వైపు కోనసీమ జిల్లాలో పడింది. మధ్యలో యానాం పుదుచ్చేరిది. అది సుమారు 30 చదరపు కిలోమీటర్లు, అక్కడి గౌతమి ఒడ్డునా మడ ఉంది కానీ, దానిని చూసే అటవీ శాఖ వేరు. రాష్ట్రం విడిపోయినప్పుడు నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యానికీ ఇదే జరిగింది. కృష్ణకు ఉత్తరం వైపుది తెలంగాణలో అమ్రాబాద్ అయింది. పులికి తేడా తెలియదు, దాని ఫైలుకు మాత్రం తెలుసు.

ముక్కలైతే తుపానును ఆపే శక్తి కూడా తగ్గుతుందా?

తగ్గుతుంది. వంద మీటర్ల మడ పట్టీ దాటేసరికి అలల ఎత్తు 13 నుంచి 66 శాతం దాకా తగ్గుతుందని పరిశోధనలు చెబుతాయి. ఉప్పెన వేరు. దాని నీటిమట్టం మడలో ఒక కిలోమీటరు ప్రయాణించినప్పుడు 5 నుంచి 50 సెంటీమీటర్లు మాత్రమే తగ్గుతుంది. అందుకే ఉప్పెనకు సన్నని పట్టీ చాలదు, కిలోమీటర్ల వెడల్పు కావాలి. మధ్యలో తెగిన చోట నీరు గరాటులోంచి వచ్చినట్లు వేగంగా తోసుకొస్తుంది. 1839 తుపానుకు కోరంగి రేవు తుడిచిపెట్టుకుపోయిన ప్రాంతం ఇది, 1996 నవంబరును చూసినవాళ్లు ఇప్పటికీ ఊళ్లలో ఉన్నారు. మడ ఉంటే తరలింపు అక్కర్లేదని మాత్రం ఎవరు చెప్పినా నమ్మవద్దు.

మరీ చిన్న ముక్కలను కాపాడి లాభమేమిటి?

పక్షులను అడగాలి. కాకినాడ తీరంలో కుంభాభిషేకం దగ్గరి బురద మేట అభయారణ్యం గీతకు బయట ఉంది. విస్తీర్ణం చెప్పుకునేంత కాదు. కానీ చలికాలంలో వలస పక్షులు వాలే చోటుగా పక్షి ప్రేమికులందరికీ అది తెలుసు. దూరం నుంచి వచ్చిన పక్షికి పోటు పెరిగినప్పుడు కాలు మోపే జాగా కావాలి, ఆ జాగా పోతే ఎదుటి పెద్ద అభయారణ్యం సగం పనికిరాకుండా పోతుంది.

## గట్టు మీద బతికేవాళ్లకు

అభయారణ్యంలో చేపలు పట్టుకోవచ్చా?

ప్రకటనకు ముందు నుంచీ ఉన్న హక్కులను కలెక్టరు విచారించి తేల్చాలని చట్టం చెబుతుంది. అలా కొనసాగనిచ్చిన హక్కు ఉంటే పట్టుకోవచ్చు. కోరంగి ఏళ్లలో చుట్టుపక్కల పల్లెల వాళ్లు చిన్న నావల మీద చేపలు, మడ పీతలు పట్టడం తరతరాలుగా ఉంది. సముద్రపు నీటిని అభయారణ్యంలో కలిపేటప్పుడు స్థానిక మత్స్యకారుల జీవనాధారాన్ని కాపాడే ఏర్పాట్లు చేయాలని కూడా ఆ చట్టంలోనే ఉంది. పడవల మామూలు రాకపోకలను ఆపకూడదనీ ఉంది. ఈ రెండు మాటలూ చాలా మంది మత్స్యకారులకు ఎవరూ చెప్పలేదు. విషం కలపడం, నరకడం, వేటాడటం ఎవరికీ ఎక్కడా హక్కు కాదు. ఇవి కాక తూర్పు తీరం అంతటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం వేరుగా ఉంది.

ఎకో సెన్సిటివ్ జోన్ అంటే మా పొలం, చెరువు పోయినట్లేనా?

పోదు. రక్షిత ప్రాంతం చుట్టూ కొన్ని పనుల మీద ఆంక్షలు ఉండే మండలం అది. యాజమాన్యం మారదు, సేకరణ జరగదు. 2011 మార్గదర్శకాల ప్రకారం గనుల తవ్వకం, కాలుష్య పరిశ్రమల వంటివి నిషిద్ధం, హోటళ్లు, చెట్ల నరికివేత వంటివి నియంత్రణలో ఉంటాయి, స్థానికుల వ్యవసాయానికి అనుమతి ఉంటుంది. 2022 జూన్‌లో సుప్రీంకోర్టు ప్రతి రక్షిత అడవి చుట్టూ కనీసం ఒక కిలోమీటరు మండలం ఉండాలని చెప్పింది. దాంతో భయం మొదలైంది. 2023 ఏప్రిల్‌లో ఆ తీర్పునే సడలించింది. మీ అభయారణ్యానికి నోటిఫికేషన్ ముసాయిదా వచ్చినప్పుడు అభ్యంతరాలకు గడువు ఇస్తారు. తర్వాత బాధపడేకంటే ముందే సర్వే నంబరుతో రాసివ్వడం మంచిది.

కొల్లేరును మూడో కాంటూరుకు తగ్గిస్తే జనం బాగుపడతారు. తప్పేమిటి?

ఇది ఎక్కువ వేడి పుట్టించే ప్రశ్న. కాంటూరు అంటే సముద్రమట్టం నుంచి ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీత. 1999లో అయిదు అడుగుల కాంటూరు వరకు అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల రామ్‌సర్ జాబితాలో చేర్చినప్పుడు చూపిన విస్తీర్ణం 901 చదరపు కిలోమీటర్లు, అంటే చట్ట రక్షణ ఉన్నదానికి దాదాపు మూడు రెట్లు. 2005-06లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు. మూడో కాంటూరుకు తగ్గించాలని శాసనసభ తీర్మానించింది. అయితే అభయారణ్యం హద్దు మార్చాలంటే జాతీయ వన్యప్రాణి మండలి సిఫార్సు కావాలి, రాష్ట్రం ఒక్కటే చేయలేదు.

సొంత పట్టా భూమి అభయారణ్యంలో పడి, పరిహారం అందక, సాగూ చేయలేక ఉన్న చిన్న రైతు గోడు నిజమైనది. దాన్ని పక్షుల పేరుతో కొట్టిపారేయడం అన్యాయం. కానీ కాంటూరు తగ్గిస్తే ఆ చిన్న రైతే లాభపడతాడని నమ్మడానికీ ఆధారం చూపాలి. వందల ఎకరాల చెరువులు ఎవరి చేతుల్లో ఉండేవో అక్కడివారికి తెలియనిది కాదు. ఇంకో మాట: బుడమేరు, తమ్మిలేరు వరద వచ్చి పడేది ఈ పల్లంలోనే. మూడు, అయిదు అడుగుల మధ్య నేల చెరువు గట్లతో నిండితే ఆ నీరు వేరే ఊళ్ల మీదకి వెళ్తుంది. పరిహారం ఇచ్చి పట్టా భూములు తీసుకోవడం ఖరీదైన దారే, అయినా మా దృష్టిలో సరైనది అదే.

మా పట్టా భూమిలో మడ చెట్లు మొలిచాయి. కొట్టేయవచ్చా?

వద్దు. తీర నియంత్రణ మండలం నిబంధనల్లో మడ ఉన్న నేల అత్యంత సున్నితమైన వర్గంలోకి వస్తుంది, భూమి ఎవరిదన్నది దానికి అడ్డు కాదు. తూర్పు గోదావరి, కోరంగి, కృష్ణా తీరాలను అదే నోటిఫికేషన్ తీవ్రంగా దెబ్బతినగల ప్రాంతాల జాబితాలో చేర్చింది.

## ఏదైనా చేయాలనుకునేవాళ్లకు

కోరంగి చూడటానికి ఎప్పుడు వెళ్లాలి?

నవంబరు నుంచి ఫిబ్రవరి. పక్షుల కోసమైతే ఆటుపోట్ల పట్టిక చూసుకుని బయల్దేరండి. నడక వంతెన మీద పెద్దగా మాట్లాడకపోతే నీటికుక్కలు కనిపించే అవకాశం ఉంది.

మడ మొక్కలు నాటితే ముక్కలు కలిసిపోతాయా?

నాటేముందు నీటిని అడగాలి. ఖాళీగా కనిపించే బురద మేట మీద వరుసగా మొక్కలు గుచ్చి ఫోటో దిగడం ఈ మధ్య పెద్ద కార్యక్రమమైంది. అలల తాకిడికి అవి చాలావరకు కొట్టుకుపోతాయి. బతికితే ఇంకో నష్టం, పక్షుల మేత నేల పోతుంది. ఒకప్పుడు మడ ఉండి ఎండిపోయిన చోట పని చేసేది వేరే పద్ధతి. పెద్ద కాలువ తవ్వి, దానికి రెండు పక్కలా ఏటవాలుగా పిల్ల కాలువలు తీసి, పోటు నీరు లోపలికి తెస్తారు. పై నుంచి చూస్తే చేప ముల్లులా ఉంటుంది. గోదావరి, కృష్ణా డెల్టాల్లో వన సంరక్షణ సమితుల మనుషులే ఈ కాలువలు తవ్వారు. నీరు తిరిగితే విత్తనం తనంతట తానే కొట్టుకొచ్చి మొలుస్తుంది. కాలువల్లో ఏటా పూడిక తీయాలి. శంకుస్థాపనకు వచ్చినవాళ్లు పూడికకు రారు. 2023-24 కేంద్ర బడ్జెట్‌లో మడ అడవులకు మిష్టి అనే పథకం ప్రకటించారు. దాని కింద మీ దగ్గర పని జరిగితే మొక్కల సంఖ్య కాదు, మూడేళ్ల తర్వాత ఎన్ని బతికాయో అడగండి.

2030 నాటికి 30 శాతం భూమిని కాపాడతామని ప్రపంచ దేశాలు అన్నాయట. మన దగ్గర అయిదు శాతమే. ఎలా?

2022 డిసెంబరు నాటి కున్‌మింగ్-మాంట్రియల్ ఒప్పందం అది. రక్షిత ప్రాంతాలే కాక, వేరే కారణంతో నడుస్తున్నా ప్రకృతిని నిలబెట్టే చోట్లను కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. రిజర్వు అడవులు, ఊరి చెరువులు, పవిత్ర వనాలు అలా చేరవచ్చు. డెల్టాలో దీనికి అవకాశం ఉంది. ప్రమాదమూ ఉంది: పేరు మార్చి శాతం పెంచడం సులభం, నేల మీద మార్పు రాకుండానే.

నాలాంటి సాధారణ మనిషి చేయగలిగింది ఏమైనా ఉందా?

జనవరిలో ఆసియా నీటి పక్షుల లెక్కింపు జరుగుతుంది, చేరండి. జీవవైవిధ్య చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో జీవవైవిధ్య యాజమాన్య కమిటీ ఉండాలి. మీ ఊళ్లో ఎవరెవరు ఉన్నారో అడగండి, చాలాచోట్ల సభ్యులకే తెలియదు. పాయ నోట కొత్త గట్టు కనిపిస్తే తేదీతో ఫోటో తీసి, సర్వే నంబరు రాసి, అటవీ శాఖకూ తహసీల్దారుకూ ఒకేసారి అర్జీ ఇవ్వండి. ఒకరికే ఇస్తే అది మాది కాదని రెండోవారి వైపు చూపిస్తారు.

ఉపగ్రహ చిత్రం చూసి ముక్కలను ఎలా గుర్తుపట్టాలి?

వంకర గీతలు పాయలు, తిన్నని గీతలు మనిషి పనులు. దీర్ఘచతురస్రాలు వరుసగా ఉంటే చెరువులు. మడ మధ్యలో ముదురు పచ్చ పోయి బూడిద రంగు మచ్చ కనిపిస్తే దాని చుట్టూ గట్టు ఉందేమో వెతకండి. పాత చిత్రాలతో పోల్చేటప్పుడు రెండూ ఒకే నెలవి, వీలైతే ఒకే పోటు స్థాయిలో తీసినవి ఎంచుకోండి. పాటు వేళ తీసిన చిత్రంలో బురద ఎక్కువగా కనిపిస్తుంది, అది చూసి అడవి పోయిందని అర్జీ పెడితే తర్వాతి అర్జీని ఎవరూ చదవరు.